అలిపిరి మెట్లు – సెల్యే ప్రతిబల సిద్ధాంతము: ఒక విమర్శ

గత సంవత్సరము తిరుపతి సమీపమున నొక ఉన్నత పాఠశాలలో మానసిక ఆరోగ్యమును గూర్చి విద్యార్థులతో మాటలాడు అవకాశము నాకు కలిగినది. నేను కళాశాలలో జంతుశాస్త్రము బోధించువాడను, మనశ్శాస్త్రజ్ఞుడను గాను. కావున నాకు తెలిసిన శరీరధర్మమునే చెప్పదలచి, నల్లబల్లపై అధివృక్క గ్రంథుల బొమ్మ గీసి, ప్రతిబలము అనగా నేమో, దానికి శరీరమెట్లు స్పందించునో వివరించితిని. ఉపన్యాసము ముగిసిన తరువాత పదవ తరగతి బాలిక యొకతె లేచి యిట్లడిగినది:

"సార్, ఒక అనుమానం. మా అమ్మ నా పరీక్షల కోసరం మొక్కుకొని, ఒక్కపొద్దు ఉండి, అలిపిరి మెట్లన్నీ కాలినడకన ఎక్కొచ్చింది. కాళ్లు పీకతాయి అంటాది గానీ సంతోషంగానే ఉండాది. నేను ఇంట్లో కూర్చోని చదువుకుంటా ఉండాను. నాకేమో పరీక్ష అనుకుంటేనే కడుపులో నొప్పి, తిన్నది ఇమడదు. మా ఇద్దరిలో ఎవరికి ఒత్తిడి ఎక్కువ సార్?"

పిల్లలు నవ్విరి. నేను పుస్తకములో నున్న సమాధానమునే చెప్పితిని: శ్రమ యేదైనను, అది కొండ యెక్కుటయైనను, పరీక్ష యైనను, శరీరము చూపు స్పందన మాత్రము ఒక్కటియే యని. ఆ బాలిక "సరే సార్" అని కూర్చుండినది. కాని ఆ ముఖములో తృప్తి లేదు. ఇంటికి వచ్చి యాలోచించిన కొలది నా సమాధానము నాకే చాలలేదు. అంతట ఆ సమాధానమునకు మూలమైన గ్రంథమును మరల తెరచి చదివితిని. ఆ పునఃపఠన ఫలితమే యీ వ్యాసము.

గ్రంథము, గ్రంథకర్త

హాన్స్ సెల్యే 1907లో వియన్నా నగరమున జన్మించెను. ప్రేగ్ నగరమున వైద్యము చదివి, కెనడాలోని మాంట్రియల్ నగరమున స్థిరపడి, 1982లో మరణించెను. 1936 జూలైలో "నేచర్" పత్రికలో ఆయన ప్రకటించిన లేఖ ఒక పుటకు మించనిది. ఇరువది సంవత్సరముల తరువాత, 1956లో, తన పరిశోధనల నన్నింటిని క్రోడీకరించి "ది స్ట్రెస్ ఆఫ్ లైఫ్" అను గ్రంథమును సామాన్యులకు గూడ అర్థమగునట్లు వ్రాసెను. నేడు మన యిండ్లలోను, బడులలోను, ఆసుపత్రులలోను "ఒత్తిడి" యని మనము వాడు మాట వెనుకనున్న భావము చాల వరకు ఈ గ్రంథమునుండి వచ్చినదే.

సెల్యే విద్యార్థిగా నున్నపుడు ఆచార్యులొకరు వేరువేరు వ్యాధులు గల రోగులను తరగతికి చూపి, ఒక్కొక్క వ్యాధికి ప్రత్యేకమైన లక్షణములను గుర్తింపుడని చెప్పుచుండిరట. ఆ కుఱ్ఱవానికి మాత్రము అందరిలోను సమానముగా నున్న లక్షణములే ముందు కన్పించినవి: ఆకలి లేకపోవుట, కీళ్ల నొప్పులు, నాలుకపై పాచి, నీరసము. "వీరందరును జబ్బుపడినవారివలె నున్నారు, ఆ జబ్బుపడినట్లుండుట యనునది యేమి?" అని ఆయనకు సందేహము కలిగినది. ఆచార్యునికి అల్పముగా తోచిన ఆ ప్రశ్ననే సెల్యే జీవితాంతము పట్టుకొని విడువలేదు.

తరువాత మాంట్రియల్‌లో క్రొత్త హార్మోను నొకదానిని కనుగొనవలెనను ఆశతో ఎలుకలకు అండాశయ రసమును సూదిద్వారా ఎక్కించెను. ఆ యెలుకలలో మూడు మార్పులు కనబడినవి. అధివృక్క గ్రంథుల వల్కలము పెరిగినది; థైమస్ గ్రంథియు, శోషరస గ్రంథులును కుంచించుకొని పోయినవి; జీర్ణాశయమున పుండ్లు పడినవి. హార్మోను దొరకినదని సంతోషించునంతలో, ఫార్మలిన్ ఎక్కించినను అవే మార్పులు కలిగినవి. చలిలో నుంచినను, గాయపరచినను, అమితముగా పరుగెత్తించినను అవే. హార్మోను ఆశ అడుగంటినది. కాని అంతకంటె పెద్ద భావము దొరకినది. దెబ్బ యేదైనను శరీరములో మేల్కొనునది ఒకే రక్షణ వ్యవస్థ. అది మొదట హెచ్చరిక దశ, పిదప ప్రతిఘటన దశ, దెబ్బ ఎంతకును ఆగనిచో చివరకు అలసట దశ అని మూడు దశలుగా సాగునని ఆయన సిద్ధాంతీకరించెను.

నేడు దాని యంత్రాంగము మనకు మరింత స్పష్టముగా తెలియును. మెదడులోని హైపోథాలమస్ పీయూష గ్రంథిని ప్రేరేపించును. పీయూష గ్రంథి అధివృక్క వల్కలమును ప్రేరేపించును. అచటినుండి కార్టిసాల్ అను హార్మోను రక్తములో ప్రవేశించి, నిలువయున్న శక్తిని వాడుకకు తెచ్చును. వేరొక త్రోవన నాడులద్వారా సందేశము క్షణములో పోయి అడ్రినలిన్‌ను విడుదల చేయించును; గుండె దడదడ కొట్టుకొనును, అరచేతులు చెమర్చును. ఈ రెండవ త్రోవను సెల్యేకు పూర్వమే అమెరికా శాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్ వివరించియుండెను.

సెల్యే గొప్పతనము చిన్నది కాదు. వ్యాధియనగా బయటినుండి వచ్చు క్రిమి మాత్రమే కాదనియు, శరీరము తన్ను తాను కాపాడుకొను ప్రయత్నములోనే నలిగిపోవచ్చుననియు లోకమునకు చెప్పినవారిలో ఆయన ముఖ్యుడు. ఈ విషయమును మరువక తరువాతి విమర్శను చదువవలెను.

మాటలోని చిక్కు

మొదటి చిక్కు పేరులోనే యున్నది. భౌతికశాస్త్రము చదివిన విద్యార్థికి ప్రతిబలమును, వికృతియు వేరని తెలియును. ఉక్కుతీగకు బరువు వ్రేలాడదీసినపుడు, తీగ అడ్డుకోత యొక్క వైశాల్యముచే బలమును భాగించిన వచ్చునది ప్రతిబలము. తీగ సాగిన పొడవును అసలు పొడవుచే భాగించిన వచ్చునది వికృతి. ఒకటి బరువునుండి పుట్టినది, రెండవది తీగ పొందిన మార్పు. సెల్యే కనుగొన్నది శరీరము పొందిన మార్పును. కాని దానికి ఆయన పెట్టినది ప్రతిబలము పేరు. ఆంగ్లము తనకు మరికొంత బాగుగా వచ్చియుండినచో వికృతి యను అర్థమిచ్చు "స్ట్రెయిన్" అను మాటనే వాడియుండెడివాడనని ఆయనయే తరువాత చెప్పుకొనెను. పేరు అప్పటికే ప్రపంచమంతట వ్యాపించుటచే మార్చుటకు వీలులేక, బయటి కారణమునకు "స్ట్రెసర్" అని మరియొక మాటను సృష్టింపవలసి వచ్చినది.

ఇది మాటల తగవు మాత్రమే యని త్రోసివేయరాదు. తెలుగులో మనము "ఒత్తిడి" యనగానే పైనుండి నొక్కుచున్న బరువు మనస్సునకు వచ్చును. "ఆ పిల్లవానిపై ఒత్తిడి యెక్కువ" యన్నపుడు బరువును గూర్చి మాటలాడుచున్నామా, ఆ పిల్లవానిలో కలిగిన మార్పును గూర్చి మాటలాడుచున్నామా? రెండును కలిసిపోయినపుడు, బరువు సమానమైనచో మార్పును సమానమే కావలెనను భావము చాటుగా లోన ప్రవేశించును. "అందరును వ్రాయుచున్న పరీక్షయే గదా, నీకు మాత్రమేమి?" యని పెద్దలు పిల్లలను గద్దించుట ఈ భావము ఫలితమే.

తీగకు తన బరువును ఎవరు వ్రేలాడదీసినదియు, ఎందుకు వ్రేలాడదీసినదియు, ఎప్పుడు తీసివేయుదురో యనునదియు తెలియవు. మనుష్యునకు ఇవన్నియు తెలియును. సెల్యే సిద్ధాంతమునకు అసలు పరీక్ష ఇచటనే కలదు. ఆ పరీక్షకు మన అలిపిరికంటె తగిన ప్రయోగశాల వేరొకటి నాకు కనబడలేదు.

మెట్ల లెక్క

అలిపిరి పాదాల మండపమునుండి తిరుమల వరకు త్రోవ సుమారు 9 కిలోమీటర్లు, మెట్లు 3550. మొదటి భాగము నిటారుగా గాలిగోపురము వరకు పోవును. పిదప చాల దూరము త్రోవ కొంత సమముగా సాగి, చివర మోకాళ్ల మిట్ట వద్ద మరల నిటారగును. ఎక్కవలసిన ఎత్తు 600 మీటర్లనుకొందము. అరువది కిలోగ్రాముల మనుష్యుడు ఆ యెత్తు ఎక్కుటలో చేయు పని 60 × 9.8 × 600, అనగా 3,52,800 జౌళ్లు. సుమారు 84 కిలోకేలరీలు. మన కండరములు ఖర్చుపెట్టిన శక్తిలో నాలుగవ వంతు మాత్రమే పనిగా మార్చగలవనుకొన్నచో 340 కిలోకేలరీలకు దగ్గరగా వ్యయమగును. అడ్డముగా నడచిన దూరమునకు మరికొంత కలుపుకొనవచ్చును. ఈ లెక్క భక్తునకును, భక్తి లేనివానికిని ఒక్కటియే.

ఇప్పుడు మెట్లపైనున్న మనుష్యులను చూడుడు. ఒక గృహిణి మెట్టు మెట్టుకును పసుపు కుంకుమలు పెట్టుచు, వేలకొలది పర్యాయములు నడుము వంచి లేచుచు పైకి పోవుచుండును. మరియొకరు మోకాళ్ల మిట్ట వద్ద మోకాళ్లపైననే ఎక్కుదురు. వారి గుండె వేగము పెరుగును, చెమట పట్టును, కాళ్లు వణకును. ఇదంతయు సెల్యే చెప్పిన హెచ్చరికయే. అయినను వారిలో అత్యధికులు దానిని కష్టమని తలపక మొక్కు తీరినదని తలంతురు.

1944లో మొదటి ఘాటు రోడ్డు ఏర్పడుటకు పూర్వము నడువలేని వారిని డోలీలలో మోసికొనిపోవు బోయీలు ఈ త్రోవననే యుండెడివారు. డోలీని మోయు బోయీయు, అతని ప్రక్కన నడచు యాత్రికుడును ఎక్కినవి ఒకే మెట్లు. కాని యాత్రికుడు అలసినచో మండపములో కూర్చుండును. బోయీ కూర్చుండవలెనన్నచో డోలీలోనివారి యనుమతి కావలెను. యాత్రికునకు అది జీవితములో ఒకనాటి కార్యము; బోయీకి రేపును అదే. సెల్యే సిద్ధాంతములో ఈ యిరువురికిని భేదమేమి? మోసిన బరువు మాత్రమే. మిగిలినదానిని తూచుటకు ఆయన వద్ద తూనిక లేదు.

మేసన్ చేసిన ఆక్షేపణ

ఈ లోపమును ప్రయోగపూర్వకముగా చూపినవాడు జాన్ మేసన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు. 1971లో ఆయన ప్రకటించిన వ్యాసము సెల్యే సిద్ధాంతపు మూలస్తంభమునే కదలించినది. ఆయన ప్రశ్న సులభమైనది: చలి, ఆకలి, గాయము, శ్రమ అన్నింటికిని శరీరము ఒకే విధముగా స్పందించుచున్నదన్నచో, వాటన్నింటియందును సమానముగా నున్నది వేరొకటి యేదైన నుండవచ్చును గదా? ఆ జంతువు భయపడుటయో, కలత చెందుటయో యేల కారాదు?

దీనిని పరీక్షించుటకు కోతులకు ఆహారము నిలిపివేసిరి. ప్రక్క బోనులలోని కోతులకు ఎప్పటివలె మేత వేయుచుండగా, వేళకు తమకు మేత రాకపోవుటచే ఆ కోతులు కలత చెందినవి. వాటి అధివృక్క హార్మోను పెరిగినది. పిదప మరికొన్ని కోతులను వేరుగా నుంచి, పండ్ల రుచి గలిగి పోషకశక్తి లేని ఉండలను వేళకు పెట్టిరి. ఇపుడును ఆహారము లేదు. కాని తమకు ఏదో తక్కువైనదను భావన లేదు. వాటిలో హార్మోను పెరుగుట దాదాపు కనబడలేదు. గది వేడిని హఠాత్తుగా గాక మెల్లమెల్లగా పెంచినపుడు గూడ హార్మోను పెరుగలేదు. అనగా ఆకలియును, వేడియును వాటంతట అవి హార్మోనును పెంచలేదు. వాటితో వచ్చు కలతయే పెంచినది.

మన "ఒక్కపొద్దు"ను ఇచట జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. శనివారము ఒక్కపొద్దున్న యిల్లాలి కడుపును, ఇంట బియ్యము నిండుకొని పస్తున్న యిల్లాలి కడుపును ఖాళీయే. రక్తములోని చక్కెరను కొలిచిన తేడా కనబడకపోవచ్చును. కాని తెలుగు భాష ఈ రెంటికిని ఏనాడును ఒకే పేరు పెట్టలేదు. ఒకటి ఉపవాసము, రెండవది పస్తు. కోతి యుపవాసము మనుష్యుని వ్రతము కాదు, నిజమే. అయినను మన అమ్మమ్మలు మాటలో చూపిన వివేకమునకు మేసన్ ప్రయోగము సాక్ష్యమిచ్చుచున్నది.

సెల్యే ఊరకుండలేదు. 1975లో మేసన్‌కు సమాధానము వ్రాయుచు, మత్తుమందు ప్రభావమున స్మృతి తప్పియున్న రోగులలోను, నాడీమండలమే లేని మొక్కలలోను గూడ ఇట్టి స్పందన కలదనియు, కావున కలత దానికి ఒక కారణమే గాని ఏకైక కారణము కాదనియు వాదించెను. ఈ వాదములో సత్యమున్నది. శస్త్రచికిత్సలో కత్తిగాటుకు స్పందించుటకు శరీరమునకు స్మృతి అక్కరలేదు. కాని మనము విచారించుచున్నది మెలకువతోనున్న మనుష్యుని గూర్చి. అతని విషయమున సెల్యే సమాధానము ప్రశ్నను దాటవేసినదే గాని తీర్చలేదు. 1974లో ఆయన మేలు చేయు ప్రతిబలమని, కీడు చేయు ప్రతిబలమని రెండు పేర్లు పెట్టి విభజించెను. మేలు కలిగినపుడు మేలైనదనియు, కీడు కలిగినపుడు కీడైనదనియు తరువాత పేరు పెట్టుట వివరణ కాదు. ఏది యెప్పుడు మేలగునో ముందుగా చెప్పగలిగినప్పుడే అది శాస్త్రము.

చిరుత భయము, చేతికఱ్ఱ

ముందుగా చెప్పగల సూత్రమేదైన కలదా? అందులో ఒక భాగము జే వైస్ అను శాస్త్రజ్ఞుడు ఎలుకలపై చేసి 1972 నాటికి ప్రకటించిన ప్రయోగములలో దొరకుచున్నది. రెండు ఎలుకల తోకలకు ఒకే తీగద్వారా, ఒకే క్షణమున, ఒకే పరిమాణముగల విద్యుద్ఘాతమును ఇచ్చిరి. మొదటి యెలుక చక్రమును త్రిప్పినచో ఘాతము రెంటికిని ఆగును. రెండవది ఎంత త్రిప్పినను ఫలితము లేదు. మూడవ యెలుకకు అసలు ఘాతము లేదు. రెండింటికిని తగిలిన విద్యుత్తు సమానమే యైనను, ఏమియు చేయజాలని రెండవ యెలుక జీర్ణాశయమునందే పుండ్లు చాల హెచ్చుగా పడినవి. బరువు ఒక్కటియే, దానిపై తనకు అధికారము కలదా లేదా యనునదే భేదము.

ఈ సూత్రమును మన త్రోవపైననే చూచితిమి. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఒక పసిబాలిక చిరుతపులి వాత పడి మరణించిన ఘోరము పాఠకులకు గుర్తుండియుండును. ఆ దినములలో నడచువారి భయము ఊహింపరానిది కాదు. తరువాత దేవస్థానమువారు యాత్రికులను గుంపులుగా పంపుటయు, మధ్యాహ్నము దాటిన పిదప పిల్లలను త్రోవపైకి అనుమతింపకుండుటయు, నడచువారికి చేతికఱ్ఱలు పంచుటయు ప్రారంభించిరి. "కఱ్ఱతో చిరుతను కొట్టగలమా?" యని పలువురు పరిహసించిరి. చిరుతపై కఱ్ఱ యెంత పనిచేయునో చెప్పవలసినది అటవీశాఖవారు. కాని నడచువాని గుండెపై అది చేయు పని వేరు. వట్టి చేతులతో నడచుటకును, చేత కఱ్ఱయు ప్రక్కన నలుగురు మనుష్యులును ఉండి నడచుటకును శరీరములో తేడా కలదు. అపాయము మారకున్నను, "నేనేదైన చేయగలను" అను భావము చేరినది. ఈ భావము అపాయమును నిజముగా తగ్గించు చర్యలకు తోడుగా నుండవలెనే గాని, వాటికి బదులుగా నుండరాదనియు వెంటనే చెప్పవలెను.

గుండె మెట్లను మరువదు

ఇంతవరకు చదివినవారు "అన్నియు మనస్సులోనే యున్నవి, నమ్మకమున్నచో అలసట లేదు" అని నిర్ణయించుకొనరాదు. మనము సాధారణముగా వినెడి రెండవ పొరపాటు ఇదియే. మనస్సును సెల్యే విడిచిపెట్టెను. శరీరమును వీరు విడిచిపెట్టుదురు. మనము లెక్కించిన 340 కిలోకేలరీలు భక్తిచే తగ్గవు. సన్నబడిన హృదయధమనికి మొక్కు సంగతి తెలియదు. 2024 అక్టోబరులో దేవస్థానమువారే అరువదేండ్లు దాటినవారును, మధుమేహము, అధిక రక్తపోటు, ఉబ్బసము, మూర్ఛ, కీళ్లవ్యాధి, గుండెజబ్బు గలవారును కాలినడకన రావలదని సూచించిరి. ఆ సూచన భక్తికి వ్యతిరేకము కాదు, శరీరధర్మమునకు అనుకూలము.

మన సంప్రదాయములోనే దీనికి చక్కని దృష్టాంతమున్నది. తాళ్లపాక అన్నమాచార్యుల జీవితమును ఆయన మనుమడు చిన్నన్న కావ్యముగా వ్రాసెను. ఎనిమిదేండ్ల బాలుడుగా అన్నమయ్య కొండ యెక్కుచు, ఆకలిచే డస్సి త్రోవలో పడిపోయెననియు, అలమేలుమంగ వృద్ధస్త్రీ రూపమున వచ్చి చెప్పులు విప్పుమని చెప్పి, ప్రసాదము తినిపించెననియు, పిమ్మట ఆయన నోట శతకము వెలువడెననియు కథ. కథను కథగానే తీసికొందము. అందులోనైనను ఆ తల్లి "నీకు భక్తి యున్నది గదా, అన్నమెందుకు?" అనలేదు. ముందు అన్నము పెట్టినది.

మరియొక హెచ్చరిక. సెల్యే యెలుకల పుండ్లను చూచి, మనుష్యుల కడుపు పుండ్లన్నియు చింతవలననే కలుగునని వైద్యులు చాలకాలము నమ్మిరి. 1982లో ఆస్ట్రేలియాకు చెందిన బారీ మార్షల్, రాబిన్ వారెన్ అనువారు జీర్ణాశయములో హెలికోబాక్టర్ పైలోరీ యను బాక్టీరియమును కనుగొనిరి; వారికి 2005లో నోబెల్ బహుమానము లభించినది. నేడు అట్టి పుండ్లలో అధికభాగమునకు ఆ బాక్టీరియమో, నొప్పిమాత్రల వాడకమో కారణమని తెలియును. "అది ఒత్తిడి" యని వైద్యుని వద్దకు పోకుండుట ప్రమాదము.

ఒత్తిడి పేరు అసలు దోషిని దాచుటకు గూడ ఉపయోగపడినది. సెల్యేకు పొగాకు పరిశ్రమనుండి ధనసహాయము అందినట్లును, పొగత్రాగుటకంటె ఒత్తిడియే హానికరమను వాదమునకు ఆయన పేరును ఆ పరిశ్రమ వాడుకొన్నట్లును, తరువాత బయటపడిన పరిశ్రమ పత్రములను పరిశీలించి 2011లో పరిశోధకులు వెల్లడించిరి. ఎక్కడ వింటిమో అక్కడ "ఒత్తిడియే కారణము" అనినవారిని, "ఇది ఎవరికి అనుకూలము?" అని అడుగుట మంచిది.

బాలిక ప్రశ్నకు సమాధానము

ఇప్పుడు ఆ బాలిక వద్దకు మరల వత్తము. తల్లి 3550 మెట్లు ఎక్కినది. ఆ మెట్లను ఆమెయే కోరుకొన్నది. ప్రతి మెట్టుతోను గమ్యము దగ్గరగుచుండినది. అలసినచో కూర్చుండవచ్చును, కూర్చుండినందుకు ఎవరును నవ్వరు. ముందు వెనుకల "గోవిందా" యని పలుకు తోడు కలదు. అంతయు ఎవరి కొరకో ఆమెకు తెలియును. కూతురు కుర్చీలోనే యున్నది. కాని ఆమె మెట్లను ఇతరులు కట్టినారు. ఎన్నియో ఆమెకు చెప్పలేదు. ఒక పరీక్ష ముగిసిన మరియొకటి. కూర్చుండినచో సోమరియని పేరు. ప్రక్కనున్న పిల్లలు తోడు గాక పోటీ. పైగా తల్లి మొక్కు భారము గూడ ఆమె వీపుననే యున్నది.

2004లో ఇరువురు పరిశోధకులు, ప్రయోగశాలలలో జరిగిన 208 ప్రయోగములను కలిపి పరిశీలించిరి. కార్టిసాల్ అత్యధికముగా పెరుగునది యెప్పుడు? చేయుపనిపై తన అధికారము లేనప్పుడును, ఇతరులు తన్ను చూచి తక్కువకట్టుదురను భయము దానికి తోడైనప్పుడును. ఈ రెండు షరతులను వినగానే నాకు మన తరగతి గది జ్ఞప్తికి వచ్చినది. వారము వారము మార్కులను బిగ్గరగా చదువుట, గోడపై ర్యాంకుల పట్టిక అంటించుట, తక్కువ వచ్చినవారిని నిలువబెట్టుట మనము క్రమశిక్షణ యనుకొని చేయుచున్నాము. కార్టిసాల్ పెంచుటకు ప్రయోగశాలలో శాస్త్రజ్ఞులు ఏర్పాటు చేసిన పరిస్థితులును ఇట్టివే. ఉదయము ర్యాంకుల పట్టిక అంటించి, సాయంకాలము అరగంట "ఒత్తిడి నివారణ" ఉపన్యాసమిప్పించుట వలన ప్రయోజనము తక్కువ. అట్టి ఉపన్యాసమిచ్చినవాడను నేనే గనుక ఈ నింద మొదట నాకే చెందును.

ఉపాధ్యాయ మిత్రులు చదువు తగ్గింపవలెనని నేననుట లేదు. మెట్లు లేక కొండ లేదు. కాని "బరువెంత?" అను ప్రశ్న నొక్కటినే అడుగుట మాని, మరి నాలుగు ప్రశ్నలను చేర్చవలెనని నా మనవి. ఈ పనిలో పిల్లవాడు తాను నిర్ణయించుకొనదగినది ఏదైన కలదా? ఎచట ముగియునో వానికి తెలియునా? నడుమ కూర్చుండుటకు మండపమున్నదా? ప్రక్కన నడచువాడు తోడా, పోటీయా? వీనిలో ఒక్కదానికైనను ఉపాధ్యాయుడు తన తరగతిలో ఏ వ్యయము లేకయే మంచి సమాధానము కల్పింపగలడు. మార్కులను ఎవరివి వారికి చెప్పుటకు ప్రభుత్వపు టుత్తరువు అక్కరలేదు. దుఃఖము మితిమీరి, నిద్రాహారములు తప్పి, బ్రతుకుపై విరక్తి మాటలాడు పిల్లల విషయములో మాత్రము ఈ సలహాలు చాలవు. వెంటనే వైద్యుని చూపవలెను. 2022లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలిమానస్ సంఖ్య 14416కు ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును.

సెల్యే గ్రంథమును చదువవలదని ఈ విమర్శ యుద్దేశము కాదు. చదువవలెను; శరీరమును గూర్చి ఆయన చెప్పినదానిలో చాలభాగము నేటికిని నిలిచియున్నది. ఆయన తీగను కొలిచెను. మనకు తీగ కాదు, పిల్లలున్నారు. ఆ పాఠశాలకు మరల పోయి ఆ బాలికతో మాటలాడితిని. "నీకే ఎక్కువ తల్లీ, ఆనాడు నేను తప్పు చెప్పితిని, కడుపునొప్పిని మాత్రము ముందు డాక్టరుకు చూపించుకో" అని చెప్పితిని. ఆమె ఈమారు నవ్వినది. "మా అమ్మకి కూడా చెప్పండి సార్" అన్నది.